చాప కింద నేల లేదు

ఒక్క రాజు కింద బతికేవాళ్లను చూస్తే నాకు జాలి. పాపం, వాళ్లకున్నది ఒక్కడే! ఆ ఒక్కడూ పట్టించుకోకపోతే అక్కడితో సరి. మా రిజియా ఊరివాళ్లకు ఆ దరిద్రం లేదు. మాకు ఇద్దరు రాజులు. పట్టించుకోనివాళ్లూ ఇద్దరు. మాకు దక్కే నిర్లక్ష్యం డబుల్!

నవ్వకండి. లాభాలు చెబుతాను, వినండి.

పడమట జాంగర రాజ్యం, తూర్పున కుర్వా రాజ్యం, నడుమ మేం. జాంగర గుర్రపుదళం వచ్చి మా మేకను పట్టుకుపోతే కుర్వా కోట నుంచి సానుభూతి వస్తుంది. కుర్వా దళం వచ్చి రెండో మేకను పట్టుకుపోతే జాంగర కోట మండిపడుతుంది. మీ ఊళ్లో ఒక మేక కోసం ఒక కోట మండిపడటం ఎప్పుడైనా చూశారా?

యుద్ధమొస్తే రెండు సైన్యాలూ మా జొన్నచేలలోనే తలపడతాయి. ఆ ఏడు మాకు కోత కోసే శ్రమ ఉండదు. వాన పడితే తన పుణ్యమేనని ఇద్దరూ చాటింపు వేయిస్తారు. పడకపోతే అవతలివాడి పాపమని ఇద్దరూ చాటింపు వేయిస్తారు. తడిసినా ఎండినా రెండు డప్పులు వినే యోగం మాది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

పైగా రెండు రకాల పాలన. జాంగరలో రాజుగారి ఒంటికి ఏదైతే కొలువు మొత్తానికీ అదే కావాలి. ఆయన దగ్గితే నలభైమంది దగ్గుతారు. ఆయన గుర్రం మీంచి జారితే ఎక్కడివాళ్లక్కడ గుర్రాల మీంచి జారిపడతారు. ఆయన ముందు పన్ను ఊడిన నెలలో జాంగర పెద్దమనుషులంతా మూసిన నోళ్లతో తిరిగారు. నాలుగేళ్ల కిందట కోతల్లో వేటకెళ్లినప్పుడు ఆయన ఎడమ అరికాల్లో తుమ్మముల్లు దిగింది. అప్పటినుంచి రాజ్యమంతా ఎడమకాలితో కుంటుతోంది. ఒక సర్దారు మరిచిపోయి కుడికాలితో కుంటాడు. ఆయన ఇప్పుడు ఎడారి అంచున ఉప్పు బస్తాలు మోస్తున్నాడు.

కుర్వాలో కుంటడాల్లేవు. అక్కడ తెర ఉంది. రాజుగారు నీలిరంగు తెర వెనక కూర్చుంటారు. ఆయన్ని చూసిన కళ్లు పీకేస్తారు కాబట్టి ఎవరూ చూడలేదు. మనం తెరకి చెప్పుకోవాలి. తెర లోపల్నుంచి ఒక గొణుగుడు వస్తుంది. పక్కన నిలబడ్డ తెరగొంతు అనే ఉద్యోగి దాన్ని మనకి గట్టిగా చెబుతాడు. మూడేళ్లుగా ఏ అర్జీకైనా వచ్చే జవాబు ఒక్కటే. "విన్నాం."

ప్రజల గోడు వినే ప్రభువు కావాలని గింజుకునేవాళ్లెవరైనా ఉంటే కుర్వాకి రండి. విని విని చస్తారు.

ఇప్పుడు తబావా సంగతికొస్తాను. ఇద్దరు రాజుల అదృష్టాన్ని పూర్తిగా అనుభవించిన మనిషి ఆమె.

మా ఊరికి బావులు నాలుగు. రెండు వైపులవాళ్లూ తాగాలని మా పెద్దలు నాలుగింటినీ సరిగ్గా సరిహద్దు మీదే తవ్వారు. మంచితనంతో చేసిన తెలివితక్కువ పని. ఎండలు ముదిరాక మూడు ఎండిపోతాయి. వానలు దిగేదాకా నీళ్లుండేది నడిబావిలోనే. అదీ అడుగున ఊట. దాన్ని మనిషి దిగి ఆనపబుర్రతో తోడి తోలుసంచిలో నింపితేనే పైకొస్తుంది. ఆ దిగే మనిషి గాంబో, తబావా మొగుడు. పైన తాడు పట్టేది తబావా.

వాళ్ల పని పద్ధతి ఇది. ఆరు నిలువుల లోతు. కిందనుంచి మాట సరిగా వినిపించదు. సంచి నిండగానే గాంబో తాడును రెండుసార్లు లాగుతాడు. నిండింది అని ఒక లాగు. నేను బాగానే ఉన్నాను అని ఇంకో లాగు. మొదటి లాగుకీ రెండో లాగుకీ మధ్య తబావా ఊపిరి తీసుకోదు. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా తీసుకోదు.

మూడేళ్ల కింద బావి గోడ బీటలిచ్చింది. తూర్పు గట్టు నుంచి పాము పాకినట్టు ఒక పగులు కిందికి దిగింది. ఏటా చిటికెన వేలంత వెడల్పయింది. దాన్ని ఆపాలంటే చుట్టూ తాటి దుంగలు దించి కట్టాలి. చెదలు పట్టనివి తాటి దుంగలే. పన్నెండు చాలు. తాటితోపు కుర్వా రాజుది, కొట్టాలంటే పర్మిషన్ కావాలి. సరిహద్దు బావి మీద చెయ్యి వేయాలంటే జాంగర రాజు పర్మిషన్ కూడా కావాలి. చూశారా, మామూలు ఊళ్లో ఒక్క పర్మిషన్‌తో అయిపోయే పని మా ఊళ్లో ఎంత నిండుగా జరుగుతుందో!

తబావా కానుకగా, వక్కల్లా నమిలే కోలాకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని ముందు జాంగరకు నడిచింది. రెండు రోజుల దారి. అక్కడి మదాకి, అంటే రాజుగారి గుర్రాల పెద్ద, కోలాకాయలు నములుతూ మొత్తం విన్నాడు. ఇన్‌స్పెక్షన్‌కి వస్తానన్నాడు. వచ్చాడు కూడా. కుంటుతూ వచ్చాడు కాబట్టి నెలన్నర పట్టింది. బావి చుట్టూ ఒకసారి కుంటి, పగులు తూర్పు గట్టు మీదుంది కనుక అది కుర్వా పగులని తేల్చాడు. పరాయి రాజ్యపు పగులులో వేలు పెట్టడం మర్యాద కాదన్నాడు.

సరేనని ఆమె కుర్వాకు నడిచింది. తెర ముందు నేలకి నుదురు ఆనించి చెప్పుకుంది. పగులు, దుంగలు, మొగుడు. తెర గొణిగింది. తెరగొంతు "విన్నాం" అన్నాడు. ఆ మాట తెచ్చుకుని ఆమె ఇల్లు చేరింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ విన్నారు. మూడోసారి మాత్రం తెరగొంతు జాలిపడి, బయటి వాకిట్లోకి పిలిచి సొంత మాట ఒకటి చెప్పాడు. పగులు తూర్పున ఉంటే ఉండొచ్చు, కానీ గోడ కూలేది పడమటికి. కూలడం జాంగర వ్యవహారం.

మూడేళ్లు ఇలాగే నడిచింది. ఆమె రెండు కోటల మధ్య, గాంబో ఆ గోడ పక్కన. బావి దగ్గర తూర్పు గట్టు మీద తోడుకునే కుర్వావైపు ఆడవాళ్లూ, పడమటి గట్టు మీద తోడుకునే జాంగరవైపు ఆడవాళ్లూ ఒకళ్లనొకళ్లు దెప్పుకోవడం మా ఊరి హక్కు. తూర్పు గట్టు లారై ఒకరోజు తబావాతో అంది:

"ఏమే, కుంటిరాజు కోడలా! మీ మదాకి మా పగులును మాకే ఇచ్చేశాడంటగా. ఎంత దానగుణమే."

"మీ తెరకి చెప్పవే తీసుకోమని. వింటుందిగా," అంది తబావా. తాడు వదలకుండానే.

ఇక్కడే ఆమెకి ఒక ఆలోచన తట్టింది. రాజులను మనకి కావలసింది అడిగితే రాదు. పక్కరాజు వద్దన్నదాన్ని చూపిస్తే?

నాలుగోసారి జాంగర వెళ్లినప్పుడు దుంగల ఊసే ఎత్తలేదు. నడిబావి మాకొద్దని కుర్వా తెర అంటోందని, ఊళ్లో అందరూ అనుకుంటున్నారని చెప్పి వచ్చేసింది. మదాకి నమలడం ఆపాడు. ఊరికే ఎవడైనా బావి వదులుకుంటాడా? ఆ బావిలో ఏదో ఉంది! అటు కుర్వాలోనూ అదే మాట, పేరు తిప్పి చెప్పింది. తెర మొదటిసారి చాలాసేపు గొణిగింది. వారం తిరక్కుండా రెండు రాజ్యాలూ ఆ బావి అనాదిగా తమదేనని చాటింపు వేశాయి. పదిహేను రోజులకి, ఇద్దరు రాజులూ స్వయంగా బావి దగ్గర కలిసి తేల్చుకోవాలని నిర్ణయమైంది.

రాజులే వస్తారు, కళ్లతో చూస్తారు! ఒకాయన తెరలోంచి ఎలా చూస్తాడో తెలియదు గానీ, ఇంకొకాయనైనా చూస్తాడు. తబావా ఆ రాత్రి మూడేళ్లలో మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

కానీ రాజుల కంటే ముందు రాజుల మనుషులు వస్తారని ఆమె మరిచిపోయింది.

మూడు రోజుల ముందే దిగారు. తుమ్మకంపలు కొట్టేశారు. బక్కమేకలను కొండ వెనక్కి తోలారు. మా మట్టిగోడలకు సున్నం పూశారు, రాజుల వైపు కనిపించే గోడలకు మాత్రమే. దగ్గుతున్న ముసలాళ్లను పక్క ఊరికి పంపారు, జాంగర కొలువు తికమకపడుతుందని. చివరికి బావి దగ్గరికొచ్చారు. పగులూ, దాని పక్కన మనిషి పట్టేంత విరిగి లోపలికి పడిపోయిన గట్టు అంచూ చూశారు. రాజుగారి కంటికి ఇంత అసహ్యం తగలకూడదు కదా! మదాకి ఎర్రరంగు అద్దిన కొత్త తుంగచాప తెప్పించి తూర్పు గట్టు మీదుగా, పగులు కనబడకుండా, బావి నోటి అంచు దాకా పరిపించాడు.

గాంబో అది చూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొరా, ఆ చాప కింద నేల లేదు."

"చాప ఉంది కదా," అన్నాడు మదాకి.

ఇది తమాషాకి అన్న మాట కాదు. రెండు రాజ్యాల్లోనూ పరిపాలన అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. చాప ఉంది కదా! ఇంక నేల ఎందుకు?

ఆ రోజు వచ్చింది. రెండు వైపుల గుర్రాలు కలిపి రెండు వందలకు పైనే. వాటన్నిటికీ నీళ్లు కావాలి. తెల్లారకముందే గాంబోని దింపారు. ఊట అంత వేగంగా ఊరదు. అతను బురద గోకుతున్నాడు, సంచి నింపుతున్నాడు, రెండుసార్లు లాగుతున్నాడు. తబావా తోడుతోంది. గోడ నుంచి మట్టిబెడ్డలు రాలుతున్న చప్పుడు ఆమెకి తాడులోనే తెలుస్తోంది. గుర్రాలు తాగాయి. ఊరు తాగలేదు. రెండు డప్పులూ మోగాయి.

తూర్పు నుంచి కుర్వా రాజు తెర వచ్చింది. నలుగురు నాలుగు మూలలా పట్టుకుని నడిపించారు. పడమటి నుంచి జాంగర రాజు, ఆయన వెనక పద్నాలుగు మంది సర్దార్లు, అందరూ ఎడమకాలితో, ఒకే తాళంలో. కుర్వావాళ్లు నవ్వు ఆపుకోవడానికి తలపాగా కొసలు నోట్లో కుక్కుకున్నారు.

జాంగర రాజు బావి తనదని చూపడానికి అవతలి గట్టు మీద కాలు పెట్టాలి. అది ఆచారం. పడమటి గట్టు చుట్టి తూర్పుకి వచ్చాడు. ఎర్రచాప ముచ్చటగా ఉంది. కుంటికాలు ఎత్తి, బరువంతా మంచికాలి మీద వేసి, చాప మీద అడుగు పెట్టాడు.

చాప ఉంది. నేల లేదు.

రాజు చాపతో సహా లోపలికి పోయాడు. పోతూ పోతూ తాడు పట్టుకున్నాడు. తబావా చేతుల్లోంచి తాడు సర్రున జారింది. అరచేతుల తోలు తాడుతోపాటే పోయింది. అయినా ఆమె వదల్లేదు. వదిలితే రాజు పడేది గాంబో నెత్తిన. పాదాలు రాయికి తన్నిపెట్టి పట్టింది. కిందనుంచి బురదలో ఏదో బరువైనది కూలబడ్డ చప్పుడు.

డప్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో తెర మెల్లగా గొణిగింది. తెరగొంతు అలవాటు కొద్దీ గట్టిగా చెప్పాడు.

"విన్నాం."

ఇప్పుడు అసలు కష్టం జాంగర సర్దార్లది. రాజు పడితే కొలువంతా పడాలి. గుర్రం మీంచి పడటం వేరు, ఆరు నిలువుల బావిలో పడటం వేరు. పద్నాలుగు మందీ గట్టు చుట్టూ చేరారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక్కి తగ్గితే ఉప్పు బస్తాలు. మదాకి కళ్లు గట్టిగా మూసుకుని కుడికాలు గాలిలోకి ఎత్తాడు. అంగీల కింద ఇనుప గొలుసుల కవచాలు వేసుకున్న పద్నాలుగు మంది! కింద బురదలో ఇద్దరు. ఒకడు రాజు, ఒకడు గాంబో.

తబావాకి తాడు మీద లాగు రాలేదు. ఒకటీ రాలేదు.

"ఆగండయ్యా!" అంది. రక్తపు చేతులతో తాడు పట్టుకునే అంది. "రాజుగారు పడలేదు. దిగారు. బావి చూడ్డానికి దిగారు."

మదాకి ఒక కన్ను తెరిచాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. "దిగారా?"

"ప్రభువులనే అడగండి."

కింద జరిగింది తర్వాత గాంబో చెప్పాడు. రాజు నడుము దాకా బురదలో కూరుకుపోయి, నోట్లో మట్టి ఉమ్మి, పైకి చూశాడు. గుండ్రంటి ఆకాశం చుట్టూ పద్నాలుగు తలకాయలు. నిజంగా వీళ్లందరూ దూకుతారా అని అడిగాడు. దూకుతారు ప్రభూ, మీ కొలువులో ఆచారం అదే కదా అన్నాడు గాంబో. అయితే అందరికన్నా అడుగున ఉండేది ఎవరు? మీరూ నేనూ అన్నాడు గాంబో.

రాజు ఇంతకన్నా త్వరగా ఏ నిర్ణయమూ తీసుకుని ఉండడు. బావిలోంచి గంభీరంగా ఒక గొంతు వచ్చింది.

"దిగాం."

ఆ మాట వెనకే తాడు రెండుసార్లు కదిలింది. తబావా అప్పుడు ఊపిరి తీసుకుంది.

కానీ రాజు దిగితే కొలువూ దిగాలిగా! నిచ్చెన తెచ్చారు. తాళ్లు తెచ్చారు. కవచాలు గట్టు మీద కుప్ప పోశారు. నలుగురు నలుగురుగా దిగారు. కిందకెళ్లాక ఊరికే నిలబడితే పడ్డట్టుంటుంది గాని దిగినట్టుండదు. అందుకని రాజు పైనుంచి ఒక తట్ట దింపించుకుని బురద నింపాడు. రాజు ఏం చేస్తే కొలువు అదే చెయ్యాలి. ఎక్కడి సర్దారు అక్కడ తట్ట పట్టాడు. పొద్దు వాలేలోపు మూడేళ్ల పూడిక పైకొచ్చింది. బురద మోసే తొందరలో కుంటడం ఎవరికీ గుర్తులేదు. మదాకి రెండు కాళ్లతో సుబ్బరంగా నిచ్చెన ఎక్కుతుంటే లారై తూర్పు గట్టు నుంచి కేకేసింది.

"మామా, మోకాళ్లు నొప్పా? ఆ తట్ట ఇట్టా ఇయ్యి. లేదంటే మా తెరకి చెప్పుకో, వింటుంది."

రాజు కింద నిలబడి పగులు మీద చెయ్యి వేసి చూశాడు. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. ఎప్పట్నుంచి ఇలా ఉందని గాంబోని అడిగాడు.

"మూడేళ్లు ప్రభూ. అర్జీలో ఉంది."

"అర్జీ విన్నవాళ్లు నాతో ఏదో సన్నటి గీత అన్నారు," అన్నాడు రాజు. చాలాసేపు ఆ చెయ్యి బయటకు తీయలేదట.

అటు కుర్వావాళ్లకు ఇబ్బంది వచ్చిపడింది. పక్కరాజు బావిలో దిగి మట్టి మోస్తుంటే వాళ్ల రాజు తెర వెనక కూర్చోవడం ఊరంతా చూస్తోంది. తెరను బావిలోకి దింపలేరు కదా! తెర అటూ ఇటూ కదిలింది. లోపల్నుంచి గొణుగుడు కాదు, ఒక మామూలు మనిషి గొంతు, కొంచెం జలుబు చేసిన గొంతు, తెరగొంతు సాయం లేకుండానే వచ్చింది. "దుంగలెన్ని కావాలి?"

పన్నెండు అడిగితే నలభై వచ్చాయి. ఐదో రోజుకి బావి చుట్టూ తాటి దుంగల కట్టడం లేచింది.

మరి ఇద్దరు రాజులుండటం వరం కాదంటారా? ఒక్కడే ఉంటే పడేవాడు, పడి ఉండేవాడు. రెండోవాడు చూస్తున్నాడు కాబట్టే పడటం దిగడం అయింది!

ఇప్పుడు నడిబావి పక్కన రెండు రాళ్లున్నాయి. పడమటి రాయి మీద, ఈ బావిని జాంగర ప్రభువు స్వహస్తాలతో తవ్వాడని ఉంది. తూర్పు రాయి మీద, కుర్వా ప్రభువు దయతో కట్టబడిందని ఉంది. గాయకులు రెండు వైపులా పాటలు కట్టారు. గాంబో పేరు ఏ పాటలోనూ లేదు. బురదలో తడిసినందుకు జాంగర రాజుకి జలుబు చేసింది, నెల్లాళ్లు రాజ్యమంతా తుమ్మింది. మదాకికి చాపల మీద అనుభవం ఉందని మొత్తం రాజ్యంలో చాపల పెత్తనం ఇచ్చారు.

ఆ తర్వాత రెండు రాజ్యాలూ కలిసి ఒక శాసనం చేశాయి. చరిత్రలో వాళ్లిద్దరూ ఏకమై చేసిన మొదటి శాసనం. ఇకమీదట ఏ రాజూ ఏ బావికీ వంద అడుగుల లోపుకి రాకూడదు.

బావులు బాగు చేయాలని కాదు. బావుల దగ్గరికి రాకూడదని.

మొన్న ఉత్తరపు బావి గోడ బీటలిచ్చింది. తబావా రెండు కోటలకీ వెళ్లొచ్చింది. పగులు తూర్పున ఉందని జాంగర తేల్చింది. కుర్వా వింది. నిన్న పొద్దున గాంబో పూడిక తీయడానికి ఆ బావిలోకి దిగాడు. అరచేతులకు కొత్త తోలు ఇంకా సరిగా రాలేదు కాబట్టి తబావా గుడ్డ చుట్టుకుని తాడు పట్టింది. ఒక లాగు వచ్చింది. రెండోది రావడానికి కొంచెం ఆలస్యమైంది.

అందుకే నా మాట కొంచెం దిద్దుకుంటున్నాను. ఇద్దరు రాజులు అదృష్టమే గాని, చాలరు. మా బావులు నాలుగు. పడింది ఒక్కడు. ఎర్రచాప మాత్రం తబావా పడేయలేదు. బురద కడిగి, ఎండబెట్టి, చుట్టి, గుమ్మం పక్కనే పెట్టుకుంది.